నేల తేమను అంకెలలో చదువు విధము

కొత్తకోట ప్రాంతపు ఎఱ్ఱ చెలకలలో తేమ త్వరగా ఆఱిపోవును. వేరుసెనగ ఊడలు దిగువేళ తడి తప్పినచో కాయ ఊరదు. అక్కఱలేని తడి పెట్టినచో బోరునీరు వ్యర్థమగును. కావున తేమ సెన్సారును సరిగా చదువుట నేర్వవలెను.

సెన్సారు ఇచ్చునది వోల్టేజి. మైక్రోకంట్రోలరు ఎఱుగునది అంకె. ఆర్డ్వినో ఊనోలోని ఏటీమెగా 328పీ యందు ఈ మార్పు చేయు సాధనము ఒక్కటియే. ఏ0 మొదలు ఏ5 వఱకు గల 6 దారులును దానికే చేరును. ఒక్క కాలువనీటిని మడవ మార్చి మడిమడికి పెట్టినట్లే, దారి మార్చి సెన్సారులను వరుసగా చదువవలెను.

1. ఆధార వోల్టేజిని 5 వోల్టులుగా నిర్ణయింపుడు. అంకెలు 0 నుండి 1023 వఱకు వచ్చును. ఒక్కొక్కటి సుమారు 4.9 మిల్లీవోల్టులు.

2. 16 మెగాహెర్ట్జుల గడియారమును 128చే భాగింపుడు, 125 కిలోహెర్ట్జులగును. పూర్తి సూక్ష్మతకు 50కిని 200కును నడుమ నుండవలెను.

3. అడ్మక్స్ రిజిస్టరులో దారిసంఖ్య వ్రాసి మార్పు ప్రారంభింపుడు. దారి మార్చినప్పుడు వెనుకటి సెన్సారు వోల్టేజి కొంత మిగిలియుండవచ్చును. మొదటి అంకెను విడిచి రెండవదానిని గైకొనుడు.

అంకెయే తేమ కాదు. మీ చెలక మట్టిని ఎండబెట్టి ఒకమాఱు, నిండుగ తడిపి ఒకమాఱు చదివి, ఆ రెండంకెలను వ్రాసియుంచుకొనుడు. నల్లరేగడి లెక్క చెలకకు చెల్లదు.