లాప్‌టాప్‌కి కూడా గాలాడాలి

ఈసారి గోడపత్రికలో సైన్సు పాఠం నా వంతు. లాప్‌టాప్ ఎందుకు వేడెక్కుతుంది, ఏం చెయ్యాలి అన్నది రాస్తున్నాను. వేసవి సెలవుల్లో శ్రీకూర్మంలో నేను కళ్ళారా చూసిన సంగతి ఇది.

మా ఇంట్లో బడికెళ్ళింది అన్నయ్యా నేనూ ఇద్దరమే. అన్నయ్య శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతూ శ్రీకూర్మంలో రేకుల గదిలో అద్దెకుంటున్నాడు. కంప్యూటర్ ఆటలు తయారుచెయ్యడం నేర్చుకోవాలని వాడి కోరిక. అయ్య జీడిపిక్కలు అమ్మిన డబ్బు 30 వేలు ఇస్తే పాత గేమింగ్ లాప్‌టాప్ కొన్నాడు. అయ్యా నేనూ చూడ్డానికెళ్ళాం. మిట్టమధ్యాహ్నం, పరుపు మీద పెట్టి కార్ల ఆట చూపించాడు. పది నిమిషాలకి ఫేను హోరుమంది. బొమ్మ ఆగి ఆగి కదిలింది. ఠక్కున ఆరిపోయింది. "డబ్బంతా బూడిదైపోనాదిరా" అని అయ్య గుమ్మంలో కూలబడ్డాడు.

కుండకి తడిగుడ్డ చుడితే నీళ్ళు చల్లబడతాయి కదా అని నేను తడిగుడ్డ తెచ్చాను. "కరెంటు వస్తువు మీద నీళ్ళేటే గుంటా!" అని అన్నయ్య లాక్కున్నాడు. మీరెవ్వరూ ఆ పని చెయ్యకండి.

సాయంత్రం కూర్మనాథస్వామి గుడికెళ్ళాం. అక్కడ నక్షత్ర తాబేళ్ళుంటాయి. నేను దగ్గరికెళ్తే ఒకటి తల లోపలికి లాగేసుకుంది. "మన లాప్‌టాప్ చేసిందీ అదే. చచ్చిపోలేదు, తనని తాను కాపాడుకుంది" అన్నాడు అన్నయ్య. అప్పుడు నాకు అర్థమయ్యేలా చెప్పాడు.

ఎందుకు వేడెక్కుతుంది?

లాప్‌టాప్ తీసుకున్న కరెంటు దాదాపు అంతా చివరికి వేడే అవుతుంది. ఆట ఆడినప్పుడు ప్రాసెసరు, గ్రాఫిక్స్ చిప్పు రెండూ గట్టిగా పనిచేస్తాయి. అప్పుడు 100 వాట్లు దాటినా దాటొచ్చు. పాత 100 వాట్ల బల్బు దగ్గర చెయ్యి పెడితే ఎలా కాలుతుందో తలుచుకోండి. ఆ వేడిని రాగి గొట్టాలు అంచుకి మోస్తాయి, ఫేను బయటికి తోస్తుంది. దారి మూసుకుంటే వేడి లోపలే ఉండిపోతుంది. చాలా ప్రాసెసర్లకి హద్దు సుమారు 100 డిగ్రీలు. దాని దగ్గరికొస్తే ముందు వేగం తగ్గించుకుంటాయి. అప్పటికీ తగ్గకపోతే ఆరిపోతాయి.

కొనేటప్పుడు

1. మరీ పల్చనిది వద్దు. గాలి తిరగడానికి చోటుండాలి.
2. కార్డు పేరొక్కటే చూడకండి, వాట్లు అడగండి. ఆర్‌టీఎక్స్ 4060 అనే ఒకే పేరు కార్డు లాప్‌టాప్‌ని బట్టి 35 నుంచి 115 వాట్ల దాకా ఉంటుంది.
3. పాతదైతే కొట్లోనే అరగంట ఆట ఆడించి చూడాలి. అన్నయ్య ఇది చెయ్యలేదు.

వాడేటప్పుడు

1. పరుపు, దుప్పటి, ఒడి వద్దు. గట్టి పలక మీద పెట్టి, వెనక వైపు రెండు వేళ్ళ ఎత్తు లేపాలి.
2. గాలి పోయే వైపు గోడకి జానెడు ఎడం ఉండాలి.
3. ఆపేసి, ఛార్జరు తీసి, కన్నాల దగ్గర దుమ్ము మెత్తటి కుంచెతో తుడవాలి. లోపల విప్పే పని మెకానిక్‌దే.
4. ఆటలో బొమ్మల వేగం సెకనుకి 60 దగ్గర ఆపితే వేడి తగ్గుతుంది.
5. ఫేను గది గాలినే తోస్తుంది. గది 38 డిగ్రీలుంటే లాప్‌టాప్ అంతకన్నా చల్లబడదు. కాబట్టి రేకుల గదిలో మధ్యాహ్నం ఆట వద్దు.

మర్నాడు పొద్దున్నే దుమ్ము తుడిచి, పలక మీద పెట్టి అన్నయ్య ఆట పెట్టాడు. గంటసేపు ఆరలేదు. అయ్యకి ఆట అర్థం కాలేదు గాని, పక్కనే కూర్చుని చెయ్యి పెట్టి పెట్టి చూశాడు. "వేడి బయటికొస్తంది" అన్నాడు.

మేడమ్ గారూ, ఒక విన్నపం. మన హాస్టల్ లాప్‌టాప్ కూడా మధ్యలో ఆరిపోతోంది. ఆడపిల్లలు ఆటలాడి పాడుచేశారని మాట పడ్డాం. గీతలు పడకూడదని దాని కింద దుప్పటి మడత వేసింది మేమే. అదే తప్పు. ఆ దుప్పటి తీసి పలక పెట్టనివ్వండి. నెలకోసారి మీ ఎదుటే దుమ్ము తుడుస్తాం. అప్పటికీ ఆరిపోతే మమ్మల్ని అడగండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని