మల్లె చిగిర్చిన వేళ

ఉద్దేశం: ఆలనాపాలనా లేక వాడిన పూలమొక్కను తిరిగి చిగిరింపజేసే విధానాన్ని తెలపడం, పరిశీలన లేని అతిశ్రద్ధ సైతం హాని చేస్తుందని విద్యార్థులు గ్రహించేటట్లు చేయడం.

పాఠ్యభాగం

కాళిదాస మహాకవి రచించిన ‘అభిజ్ఞాన శాకుంతలం’లో శకుంతల ఆశ్రమంలోని మొక్కలకు నీరు పోయనిదే తాను నీరు త్రాగేది కాదు. ఒక నవమల్లికకు ‘వనజ్యోత్స్న’ అని పేరు పెట్టుకొంది. అత్తవారింటికి బయలుదేరేటప్పుడు ఆ లతను చెలికత్తెలకు అప్పగించింది. మా అమ్మగారు మాత్రం తమ మల్లెను ఎవరికీ అప్పగించకుండానే వెళ్లిపోయారు.

తెనాలిలోని మా ఇంటి వసారాలో ఒక మట్టికుండీలో ఆ మల్లె ఉండేది. అమ్మ శ్రావణమాసంలో పరమపదించారు. ఇంటికి తాళంవేసి ఉద్యోగరీత్యా నేను రేపల్లెకు వెళ్లాను. సంక్రాంతికి వచ్చి చూస్తే మల్లె ఎండుపుల్లల మోపులా ఉంది. పొరుగింటి పెద్దావిడ “ఇంకేం బతుకుతుంది నాయనా, తీసి పారెయ్యి” అన్నారు. మనసొప్పక కొమ్మను గోటితో గీకి చూశాను. పైకొమ్మల లోపల గోధుమరంగు కనిపించింది. మొదలుకు జానెడు ఎత్తులో మాత్రం బెరడు క్రింద పచ్చదనం ఉంది. వసారా అంచున పడిన వానజల్లు తడే దాని ప్రాణాన్ని నిలిపింది.

కుండీని రైలులో రేపల్లెకు తీసుకువెళ్లాను. త్వరగా బ్రతికించాలనే ఆత్రంతో పూటపూటా బోరునీరు పోశాను. గుప్పెడేసి రసాయనిక ఎరువు వేశాను. రెండు చిగుళ్లు తొంగిచూశాయి. పక్షం తిరగకముందే వాటి అంచులు మాడి రాలిపోయాయి.

బాపట్లలో 1945లో స్థాపితమైన వ్యవసాయ కళాశాల ఉంది. ఆ ఊరిలో వ్యవసాయశాస్త్రం చదివిన మిత్రుడొకరు నాకున్నారు. కుండీని ఆయన వద్దకు తీసుకుపోయాను. ఆయన నవ్వి, “మాస్టారూ! ఐదు నెలల మీ మరుపు చేయలేని పనిని పదిహేను రోజుల మీ ప్రేమ చేసింది” అన్నారు. ఆ మాట నా మనసుకు సూటిగా తగిలింది.

ఆయన వివరణ ఇది: తెనాలి ప్రాంతంలోనిది కృష్ణా డెల్టా నల్లమట్టి. పొలంలో అది బంగారమే. కుండీలో మాత్రం తడిసినప్పుడు జిగటగా మారి వేళ్లకు గాలి అందనీయదు. రేపల్లె సముద్రానికి దాపున ఉండడంవల్ల అక్కడ చాలాచోట్ల భూగర్భజలం ఉప్పన. ఆ ఉప్పు కుండీలో పేరుకొని వేళ్లు నీరు పీల్చుకోకుండా అడ్డుపడుతుంది. ఆకుల అంచులు మాడతాయి. నీరసించిన వేళ్లకు రసాయనిక ఎరువు మరింత భారం. జ్వరం తగ్గిన రోగికి విందుభోజనం పెట్టినట్లే!

చికిత్స కూడా ఆయనే చేయించారు. ఎండుకొమ్మలను పచ్చదనం ఉన్నంత మేరకు కత్తిరించాము. మల్లె కొత్తకొమ్మలకే పూస్తుంది గనుక ఈ కత్తిరింపు తప్పనిసరి. కుండీ నుండి మొక్కను తీసి, కుళ్లిన వేళ్లను, చుట్టలు చుట్టుకొన్న వేళ్లను తొలగించాము. నల్లమట్టి, మంచినీటితో కడిగిన ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి, గుప్పెడు వేపపిండి చేర్చి తిరిగి నాటాము. అడుగురంధ్రం మూసుకుపోకుండా పెంకుముక్క ఉంచాము. పదిరోజులు నీడలో ఉంచి, తరువాత క్రమంగా ఎండకు అలవాటు చేయమన్నారు. చిగుళ్లు నిలదొక్కుకొనేవరకు ఎరువు వేయవద్దన్నారు.

నీటి విషయంలో ఆయన చెప్పిన సూత్రం సులభమైనది: వేలిని మట్టిలోకి రెండంగుళాలు దించి చూడాలి, పొడిగా ఉంటేనే పోయాలి. పోసినప్పుడు అడుగురంధ్రం నుండి కారేదాకా మంచినీరు పోయాలి. అప్పుడే పేరుకొన్న ఉప్పు కొట్టుకుపోతుంది. మల్లెకు రోజుకు ఆరు గంటలైనా ఎండ తగలాలి. గదిలో ఉంచితే ఆకులే తప్ప పూలు రావు. వేసవిలో ఎర్రనల్లి పట్టకుండా ఆకుల అడుగుభాగాన్ని తరచు పరిశీలించాలి. పురుగు కనబడితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి సాయంవేళ చల్లాలి.

నెలరోజులు ఏ మార్పూ కనబడలేదు. ఏదో ఒకటి చేయాలని చేతులు ఆరాటపడినా నిగ్రహించుకొన్నాను. ఫాల్గుణంలో చిగుళ్లు వచ్చాయి. వైశాఖంలో మూడు మొగ్గలు విచ్చి, సాయంకాలానికి ఇల్లంతా అమ్మ ఉన్నప్పటి పరిమళం నిండింది.

మొక్కను బ్రతికించడమంటే మనకు తోచినది ఇవ్వడం కాదు. దానికి కావలసినదేదో తెలుసుకొని ఇవ్వడం. మనుషుల విషయంలోనూ ఇది సత్యమే. వేసవి సెలవులకు ఊరు వెళ్లేటప్పుడు ఈసారి కుండీని పొరుగింటివారికి అప్పగించి వెళ్లాను. శకుంతల చెప్పిన పాఠం నాకు అప్పటికి అర్థమయింది.

అభ్యాసం

1. మల్లెమొక్కలో ప్రాణం ఉన్నదని రచయిత ఎట్లా గ్రహించాడు?
2. తెనాలి మట్టి, రేపల్లె నీరు కుండీలోని మొక్కకు ఎందుకు సరిపడలేదో వివరించండి.
3. “ఐదు నెలల మీ మరుపు చేయలేని పనిని పదిహేను రోజుల మీ ప్రేమ చేసింది” – ఈ మాటలలోని ఆంతర్యాన్ని విశదీకరించండి.