మోకాటిలోని దీపము

కీలునకు వ్యాధి సోఁకినపుడు లోపలి స్థితి నెఱుఁగుట వైద్యునకు మిక్కిలి కష్టము. ఎముకలను జూపు ఎక్సురే పటమున మృదులాస్థి కానరాదు. కావునఁ బూర్వము కీలును గోసి తెఱచి చూచుచుండిరి.

జపానుదేశమున మోకాటికి క్షయ సోఁకి పలువుర కాళ్లు బిగిసిపోవుచుండెను. మోకాళ్లు మడిచి నేలపైఁ గూర్చుండు వారి కిది యెంత దుర్భరమో, పీఁటలపైఁ గూర్చుండి భుజించు మనకు వేఱుగఁ జెప్ప నక్కఱలేదు. ఆ వ్యాధిని మొదటనే కనుఁగొనఁ దలఁచి, 1918లో టోక్యోనగరమునఁ గెంజీ తకాగి యను వైద్యుఁడు, మూత్రాశయమును బరీక్షించు గొట్టము నొక శవముయొక్క మోకాటఁ జొనిపి చూచెను. ఆయన శిష్యుఁడగు మసాకీ వతనాబే యా పనిముట్టును మెఱుగుపఱచి, 1962లో బాస్కెట్‌బాల్ ఆటలో మోకాలు మెలిపడిన 17 ఏండ్ల బాలుని కీలునుండి చినిఁగిన మృదులాస్థిభాగమును చిన్న రంధ్రముల గుండఁ దొలఁగించెను. ఆ బాలుఁ డాఱువారములలో మరల ఆటకుఁ బోయెను!

ఇప్పటి పద్ధతిలోఁ గీలును ఉప్పునీటితో నుబ్బించి, సుమారు 4 మిల్లీమీటర్ల లావుగల దుర్భిణి నొక రంధ్రమునను, సన్నని పరికరముల వేఱొక రంధ్రమునను బంపుదురు. లోపలి బొమ్మ తెరపైఁ గానవచ్చును. చినిఁగినదానిని కుట్టుటకును, కీలునఁ దిరుగు ముక్కలను దీయుటకును ఇది మేలైన సాధనము.

అరిగిన కీలు మాట వేఱు. 2002లోఁ బ్రకటింపఁబడిన హూస్టన్‌నగర వైద్యుల పరీక్షలో 180 మంది రోగులు వారి సమ్మతిపైఁ జేరిరి. కొందఱికి చర్మముపై గాట్లు మాత్రము పెట్టిరి. రెండేండ్లవఱకు చూచినను, నిజమైన చికిత్స పొందినవారి నొప్పి వీరి నొప్పికంటెఁ దగ్గలేదు.