సూప్ ఆదివారం కాయాలి, జ్వరం వచ్చాక కాదు

అమెరికాలో ఫ్లూ కాలం అక్టోబరులో మొదలవుతుంది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా జోరుగా సాగి, కొన్నేళ్ళు మే వరకూ వదలదు. డాలస్ శివార్లలోనో ఎడిసన్‌లోనో నలుగురు కలిసి అద్దెకున్న అపార్ట్‌మెంటులో ఒకరికి పడిశం పడితే, వారం తిరిగేలోగా మిగతా ముగ్గురూ తుమ్ముతుంటారు. డేకేర్‌కు వెళ్ళే పిల్లలున్న ఇల్లయితే ఇక చెప్పక్కర్లేదు. పడిశం పది రోగాల పెట్టు అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. ఒళ్ళునొప్పులు, ముక్కు దిబ్బడ, గొంతులో గరగర, నోటికి ఏదీ సహించదు. మన ఊళ్ళో అయితే ఎవరో ఒకరు మిరియాల చారు కాచి పెట్టేవాళ్ళు. ఇక్కడ పొయ్యి ముందు నిలబడాల్సింది జ్వరం వచ్చిన మనిషే.

అందుకే ఉద్యోగం చేసుకునేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. ఒంట్లో బాగున్న ఆదివారం చూసుకుని పెద్ద గిన్నె నిండా చికెన్ సూప్ కాచి, డబ్బాల్లో పోసి ఫ్రీజర్‌లో దాచుకోండి. జ్వరం వచ్చిన రోజు మనం చేయగలిగేది ఒక డబ్బా తీసి వేడి చేసుకోవడం వరకే. అంతకు మించి ఒంటిని అడగకూడదు. ఆ ఏర్పాటు లేనివాళ్ళు బిర్యానీ తెప్పించుకుని రెండు ముద్దలు తిని పక్కన పెట్టేస్తారు. లేదంటే లంఖణం పరమౌషధం అనుకుని, ఖాళీ కడుపుతో మాత్ర మింగి లాప్‌టాప్ ముందు కూర్చుంటారు. ఆకలి లేనప్పుడు బలవంతాన తినక్కర్లేదు, నిజమే. కానీ జ్వరంలో చెమటతో నీళ్ళూ ఉప్పూ పోతూనే ఉంటాయి, అవి తిరిగి లోపలికి వెళ్ళాలి. ఇబుప్రొఫెన్ లాంటి మాత్రలు ఖాళీ కడుపున వేసుకుంటే కడుపులో మంట పుడుతుంది. ఒక గిన్నెడు వేడి సూప్‌లో నీళ్ళు, ఉప్పు, కాస్త మాంసకృత్తులు, నాలుగు నూడుల్స్ కలిసి వస్తాయి. నమిలే ఓపిక లేనివాళ్ళు కూడా తాగేయగలరు.

కోడి రసం రోగికి మంచిదన్న మాట కొత్తది కాదు. 12వ శతాబ్దపు యూదు వైద్యుడు మైమోనిడీస్ తన రోగులకు దీన్ని సిఫారసు చేశాడు. అమెరికాలో ఈ సూప్‌కు ఇంతటి పేరు రావడంలో తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన యూదు కుటుంబాల వంటిళ్ళ పాత్ర పెద్దది. శాస్త్రవేత్తలు కూడా దీన్ని పట్టించుకున్నారు. 1978లో మయామీ బీచ్‌లోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రి వైద్యులు ఆరోగ్యంగా ఉన్న కొందరికి వేడి నీళ్ళు, చల్లటి నీళ్ళు, చికెన్ సూప్ ఇచ్చి, ముక్కులో చీమిడి కదలికను కొలిచారు. వేడి సూప్ తాగినప్పుడు చీమిడి చురుగ్గా కదిలింది. అరగంటలో ఆ ప్రభావం పోయింది. 2000లో నెబ్రాస్కా విశ్వవిద్యాలయ వైద్యుడు స్టీఫెన్ రెన్నార్డ్, తన భార్య వైపు అమ్మమ్మల నాటి లిథువేనియా పద్ధతిలో కాచిన సూప్‌ను ప్రయోగశాలలో పరీక్షించాడు. వాపుకు కారణమయ్యే ఒక రకం తెల్లరక్తకణాల కదలికను అది కొంత తగ్గించిందని తేలింది. ఆ పరీక్ష జరిగింది గాజు పాత్రల్లో, జబ్బు మనుషుల మీద కాదు. కాబట్టి సూప్ ఫ్లూను నయం చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అది వైరస్‌ను చంపదు. ముక్కు కాసేపు తేలికపడుతుంది, గొంతుకు హాయిగా ఉంటుంది, ఒంట్లోకి ఇంత ఆహారం వెళుతుంది. జ్వరపడిన మనిషికి అది తక్కువ మేలేమీ కాదు.

డబ్బా సూప్ కొనుక్కోవచ్చు కదా అని అడుగుతారు. క్యాంప్‌బెల్ కంపెనీ 1934 నుంచీ చికెన్ నూడుల్ సూప్ అమ్ముతోంది. అత్యవసరానికి ఒక డబ్బా అలమరాలో ఉంటే తప్పులేదు. అయితే నీళ్ళు కలుపుకునే ఆ చిక్కటి సూప్ అరకప్పులో సోడియం సుమారు 900 మిల్లీగ్రాములు ఉంటుంది. పెద్దవాళ్ళకు రోజు మొత్తానికి 2000 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. డబ్బా అంతా ఒక్కరే తాగితే ఆ లెక్క అక్కడికక్కడే దాటిపోతుంది. బీపీ ఉన్నవాళ్ళు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు ఇంట్లో కాచుకోవడమే మేలు.

ఇక వంట. తోలుతో ఉన్న కోడి ఒకటి, సుమారు 1.8 కిలోలది, తీసుకోండి. మొత్తం కోడి ఇబ్బంది అనుకుంటే ఎముకతో ఉన్న తొడలు, కాళ్ళు అదే బరువుకు తెచ్చుకోండి. ఎముకలేని బ్రెస్ట్ ముక్కలతో మాత్రం ఈ సూప్ కాయకండి. రుచి, చిక్కదనం వచ్చేది ఎముకల నుంచి, కీళ్ళ నుంచి. హలాల్ దుకాణంలో మెడలు, పాదాలు విడిగా దొరికితే నాలుగు వేయండి.

చికెన్‌ను పసుపు, ఉప్పు రుద్ది కడగకపోతే మనలో చాలామందికి మనసొప్పదు. అమెరికా వ్యవసాయ శాఖ మాత్రం కడగొద్దనే చెబుతోంది. చిందే తుంపరలతో సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్ లాంటి క్రిములు సింకుకూ పక్కనున్న కూరగాయలకూ అంటుకుంటాయి. వాటిని చంపేది వేడి, కుళాయి నీళ్ళు కాదు. కడిగి తీరాల్సిందే అనుకునేవాళ్ళు ముందుగా కూరగాయలన్నీ కోసి దూరంగా పెట్టుకోండి. సన్నటి ధార కింద కడిగి, తర్వాత సింకును వేడి సబ్బునీళ్ళతో రుద్దండి.

పెద్ద గిన్నెలో కోడిని పెట్టి, మునిగేలా మూడున్నర లీటర్ల చన్నీళ్ళు పోయండి. మొదటే వేడినీళ్ళు పోస్తే రసం మసకబారుతుంది. పొంగు వచ్చే ముందు పైకి తేలే తెట్టును గరిటెతో తీసేయండి. ఆ తర్వాత రెండు ఉల్లిపాయలు నాలుగు చీలికలుగా, రెండు క్యారట్లు, రెండు సెలరీ కాడలు, అర వెల్లుల్లి గడ్డ, బొటనవేలంత అల్లం, చెంచాడు మిరియాలు, కొత్తిమీర కాడలు వేయండి. ఆకు వేయాలనుకుంటే ఇక్కడి దుకాణాల్లో బే లీఫ్ పేరుతో అమ్మేది తీసుకోండి. మన బిర్యానీ ఆకు వేరే చెట్టుది, దానికి దాల్చినచెక్క వాసన ఉంటుంది. ఇప్పుడు మంట తగ్గించేయండి. నీటి మీద అక్కడక్కడా బుడగ లేచేంత సన్నని సెగ చాలు. తెర్లితే మాంసం పీచుకడుతుంది, కొవ్వు రసంలో కలిసిపోయి జిడ్డుగా తయారవుతుంది.

దాదాపు గంటకు కోడి ఉడుకుతుంది. తొడ దగ్గర లావుగా ఉన్నచోట థర్మామీటరు గుచ్చితే 74 డిగ్రీల సెల్సియస్, అంటే 165 డిగ్రీల ఫారన్‌హీట్ చూపించాలి. కోడిని బయటికి తీసి, చల్లారాక మాంసం ఒలిచి పక్కన పెట్టండి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, ఆపకండి. ఒలిచిన ఎముకలను మళ్ళీ గిన్నెలో వేసి ఇంకో గంట కాగనివ్వండి. అసలు సారమంతా ఈ రెండో గంటలోనే దిగుతుంది. తర్వాత వడకట్టి, పిప్పి అయిపోయిన కూరగాయలు పారేయండి. ఇంకో రెండు క్యారట్లు, రెండు సెలరీ కాడలు సన్నగా తరిగి ఆ రసంలో పది నిమిషాలు ఉడికించి, ఒలిచిన మాంసం కలపండి. ఉప్పు చివర్లో, రుచి చూసుకుంటూ వేయాలి. మొదట్లో వేస్తే రసం ఇగిరే కొద్దీ ఉప్పు ఎక్కువవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన రసం మర్నాటికి జున్నులా గడ్డకట్టిందంటే ఎముకల సారం బాగా దిగిందన్నమాట. పైన పేరుకున్న కొవ్వును కావలసినంత తీసేసుకోవచ్చు.

అంత సమయం లేదా? ఇన్‌స్టంట్ పాట్‌లో అరగంట ప్రెషర్ పెట్టి, ఆవిరి దానంతటదే పోనివ్వండి. ఇంకా తొందరైతే కాస్ట్‌కోలో కాల్చిన రోటిసరీ కోడి తెచ్చి, మాంసం ఒలుచుకుని, ఎముకలను రెండు లీటర్ల నీళ్ళలో గంటసేపు కాచండి. ఆ కోడిలో ఉప్పు ముందే ఉంటుంది కాబట్టి మీరు వేసే ఉప్పు దగ్గర చెయ్యి బిగబట్టండి.

నూడుల్స్ మాత్రం సూప్‌లో వేసి నిల్వ చేయకూడదు. రాత్రంతా రసం తాగి ఉబ్బిపోతాయి, తెల్లారేసరికి గిన్నెలో సూప్ ఉండదు, ముద్ద ఉంటుంది. వెడల్పాటి ఎగ్ నూడుల్స్‌ను ఉప్పునీళ్ళలో, ప్యాకెట్ మీద చెప్పినదానికంటే ఒక నిమిషం ముందే దించి, వార్చి, కాస్త నూనె కలిపి విడి డబ్బాలో పెట్టుకోండి. ఫ్రీజర్‌లోకి వెళ్ళేది సూప్ ఒక్కటే. నూడుల్స్ ఏ రోజుకు ఆ రోజు ఉడికించుకున్నా పది నిమిషాల్లోపు పని. గోధుమ పడనివాళ్ళు బియ్యపు నూడుల్స్ వాడుకోవచ్చు. ఎగ్ నూడుల్స్ దొరకనిచోట సేమ్యా బాగానే కుదురుతుంది. తినేముందు నిమ్మరసం పిండి, మిరియాల పొడి చల్లుకుంటే దిబ్బడేసిన ముక్కుకు కూడా రుచి తెలుస్తుంది.

నిల్వలో జాగ్రత్త తప్పితే పడిన కష్టమంతా విరేచనాల పాలవుతుంది. వేడి సూప్‌ను పొయ్యి మీదే వదిలేసి నిద్రపోకండి. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి చేరాలి. పెద్ద గిన్నె అలాగే పెడితే మధ్యలో గంటల తరబడి వేడి నిలిచి ఉంటుంది, అందుకని లోతు తక్కువ డబ్బాల్లోకి సర్దండి. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు, ఫ్రీజర్‌లో రెండు మూడు నెలలు బాగుంటుంది. గడ్డకట్టేటప్పుడు సూప్ పొంగుతుంది కాబట్టి డబ్బాలో అంగుళం ఖాళీ వదలండి. గాజు సీసాలు పగులుతాయి. ఒక్కో డబ్బాలో ఒక్కరికి సరిపడా పోసి, తేదీ రాసిన కాగితం అంటించండి. అక్టోబరు మొదట్లో కాచింది డిసెంబరు నెలాఖరుకి ఖాళీ చేసి, జనవరి మొదటి ఆదివారం మళ్ళీ కాచుకుంటే ఫ్లూ కాలం చాలావరకు గడుస్తుంది. ఇండియాలో ఉన్నవాళ్ళు ఈ లెక్కను మార్చుకోవాలి. మన దగ్గర ఫ్లూ జనవరి నుంచి మార్చి వరకు ఒకసారి, వానాకాలం చివర్లో మరోసారి విజృంభిస్తుంది.

తగ్గాక ఆఫీసుకు సూప్ తీసుకెళ్ళేవాళ్ళు ముందు ఫ్లాస్కును మరిగే నీళ్ళతో నింపి, ఐదు నిమిషాలాగి పారబోసి, అప్పుడు పొగలు కక్కే సూప్ పోయండి. మధ్యాహ్నం దాకా వేడి నిలుస్తుంది. మైక్రోవేవ్‌లో వేడి చేస్తే మధ్యలో ఒకసారి ఆపి కలపండి, లేకపోతే అంచులు కాలుతాయి, నడుమ చల్లగానే ఉంటుంది.

సూప్ సిద్ధంగా ఉన్నా, తాగి విశ్రాంతి తీసుకోకపోతే ఉపయోగం తక్కువ. జ్వరంతో పనిచేయడం మనవాళ్ళలో ఒక అలవాటుగా మారిపోయింది. వీసా మీద ఉన్నవాళ్ళలో భయం ఇంకా ఎక్కువ. కంపెనీ ఒప్పుకున్న అనారోగ్య సెలవు వల్ల హెచ్-1బి హోదాకు భంగం రాదు. జీతం సంగతి మాత్రం రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. ప్రైవేటు ఉద్యోగులందరికీ జీతంతో అనారోగ్య సెలవు ఇవ్వాలన్న ఫెడరల్ చట్టం లేదు. న్యూజెర్సీలో ప్రతి 30 గంటల పనికి ఒక గంట చొప్పున ఏడాదికి 40 గంటల దాకా వస్తుంది. కాలిఫోర్నియాలో 2024 జనవరి నుంచి ఏడాదికి ఐదు రోజులు, అంటే 40 గంటలు. టెక్సాస్‌లో అలాంటి రాష్ట్ర చట్టం లేదు, కంపెనీ ఇచ్చిందే దక్కుతుంది. గంటల లెక్కన జీతం తీసుకునే కాంట్రాక్టర్లు తమ ఒప్పందాన్ని ఒంట్లో బాగున్నప్పుడే చదివి పెట్టుకోవాలి.

మేనేజరుకు రాసే మెసేజ్ పొట్టిగా ఉండాలి. జ్వరంగా ఉంది, ఈరోజు పనిచేయలేను, ఫలానా పని ఫలానావారు చూస్తున్నారు, రేపు ఉదయం మళ్ళీ చెబుతాను. ఈ నాలుగు ముక్కలు చాలు. ఎన్ని డిగ్రీల జ్వరమో, రాత్రి ఎన్నిసార్లు లేచారో చెప్పనవసరం లేదు. ‘ఇంటి నుంచి పనిచేస్తాను’ అని మాటివ్వకండి. అలా అన్నారంటే మీటింగులన్నీ మంచం దగ్గరికే వస్తాయి. మందు వేసుకోకుండా 24 గంటలు జ్వరం లేకుండా ఉండి, లక్షణాలు తగ్గుముఖం పట్టాకే బయట తిరగాలని, ఆ తర్వాత ఐదు రోజులు మాస్కు లాంటి జాగ్రత్తలు పాటించాలని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ సలహా.

ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, మనిషి మాట తడబడి తికమకపడుతున్నా సూప్ గిన్నె పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్ళండి. తగ్గినట్టే తగ్గి జ్వరం మళ్ళీ ఎక్కువగా తిరగబెట్టినా అంతే. గర్భిణులు, షుగర్, ఉబ్బసం ఉన్నవాళ్ళు, 65 ఏళ్ళు దాటిన అమ్మానాన్నలు ఇంట్లో ఉంటే మొదటి రోజే డాక్టరుకు ఫోన్ చేయాలి. ఫ్లూ యాంటీవైరల్ మందులు లక్షణాలు కనిపించిన 48 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి. టీకా అక్టోబరు ఆఖరులోగా వేయించుకోండి. దాని రక్షణ కుదురుకోవడానికి రెండు వారాలు పడుతుంది.

మీ టీములో ఈ మధ్యే దిగిన కుర్రవాడో అమ్మాయో ఒంటరిగా ఉంటూ జ్వరమని మెసేజ్ పెడితే, ‘టేక్ కేర్’ అని బదులిచ్చి ఊరుకోకండి. చికెన్ తింటారో లేదో అడిగి, ఒక డబ్బా తీసుకెళ్ళి గుమ్మం ముందు పెట్టి, ఫోన్ చేసి చెప్పండి. నూడుల్స్ విడిగా కట్టడం మర్చిపోకండి.