కోట చూడాలంటే పక్క బండ ఎక్కు

సింధూ,

శ్రీలంక ప్రయాణానికి మీరంతా కలిసి వేసుకున్న ప్లాను మీ అమ్మ నాకు పంపింది. అందులో సిగిరియా పేరు కొట్టేసి, పక్కన ‘పిదురంగల: టికెట్ చవక, వ్యూ బెస్ట్’ అని ఎవరో రాశారు. రెండు మాటలూ నిజమే. అయినా ఆ కొట్టివేత చూశాక ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి తేల్చేస్తాను. సిగిరియా టికెట్ విదేశీయులకి డాలర్లలో ఉంటుంది, జేబుకి తగులుతుంది. సార్క్ దేశాలవాళ్ళకి తగ్గింపు ఉంది కాబట్టి పాస్‌పోర్టులు హోటల్లో వదిలేసి వెళ్ళకండి. పిదురంగల అలా కాదు, అది గుడి కొండ. అక్కడ కట్టేది చాలా తక్కువ. చవకని వెళ్ళేవాళ్ళు పైకెక్కి, ఫొటో తీసుకుని, దిగొస్తారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ ఫొటోలో ఉన్న సిగిరియా ఏమిటో తెలిసి చూస్తే ఆ బండ మీద ఇంకో గంట కూర్చోబుద్ధవుతుంది.

కథ ఇదీ. 5వ శతాబ్దంలో అనురాధపురాన్ని ధాతుసేనుడు ఏలేవాడు. 477లో అతని కొడుకు కాశ్యపుడు తండ్రిని చంపించి గద్దెనెక్కాడు. పట్టపురాణి కొడుకు మొగ్గల్లానుడు ప్రాణాలు దక్కించుకుని మన దేశానికి పారిపోయి వచ్చాడు. తమ్ముడు సైన్యంతో ఎప్పుడు తిరిగొస్తాడో అన్న భయంతో కాశ్యపుడు రాజధాని వదిలి, అడవి మధ్య దాదాపు 180 మీటర్లు నిటారుగా లేచిన ఈ సిగిరియా రాతి మీదికి చేరాడని చూళవంశం అనే పాత చరిత్ర గ్రంథం చెబుతుంది. భయంతో కట్టిన కోటకి అన్ని తోటలూ కొలనులూ బొమ్మలూ ఎందుకని కొందరు చరిత్రకారులు అడుగుతారు. నాకూ ఆ అనుమానం ఉంది. బహుశా భయమూ దర్పమూ రెండూ నిజమే అయ్యుంటాయి.

అయితే ఆ రాయి ఖాళీగా లేదు. దాని కింది గుహల్లో క్రీస్తుకు పూర్వం నుంచే బౌద్ధ భిక్షువులు ఉండేవారు. రాజుగారికి ఆ చోటు కావాల్సొచ్చింది గనక వాళ్ళని ఉత్తరాన ఓ కిలోమీటరు దూరంలో ఉన్న పిదురంగలకి పంపి, అక్కడ విహారం కట్టించి ఇచ్చాడని చెబుతారు. అంటే మీరు ఎక్కబోయేది ఖాళీ చేయించినవాళ్ళకి దక్కిన కొండ. పద్దెనిమిదేళ్ళు తిరిగాక, 495లో, మొగ్గల్లానుడు నిజంగానే సైన్యంతో వచ్చాడు. కాశ్యపుడు కొండ దిగి ఎదురెళ్ళాడు. దారిలో బురదనేల అడ్డొచ్చి అతని ఏనుగు పక్కకి తిరిగితే, వెనకున్న సైన్యం రాజు పారిపోతున్నాడనుకుని చెదిరిపోయిందట. అతను తన కత్తితో తనే గొంతు కోసుకున్నాడు. తమ్ముడు రాజధానిని మళ్ళీ అనురాధపురానికి మార్చి, సిగిరియాని భిక్షువులకే ఇచ్చేశాడు. తర్వాత కొన్ని వందల ఏళ్ళు వాళ్ళే అక్కడ ఉన్నారు.

ఆ భిక్షువుల రాకపోకలు మన గడ్డ మీదా ఉన్నాయి. కాశ్యపుడికి దాదాపు రెండు వందల ఏళ్ళ ముందే, ఇక్ష్వాకుల కాలంలో, నాగార్జునకొండలో సింహళ విహారం ఉండేది. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో దాని పేరు కనిపిస్తుంది. ఆవిడ సింహళం నుంచి వచ్చిన థేరుల కోసం, అంటే పెద్ద భిక్షువుల కోసం కూడా కట్టడాలు చేయించింది. చిన్నప్పుడు లాంచీలో నాగార్జునకొండ మ్యూజియానికి తీసుకెళ్తే నీ ధ్యాసంతా మొక్కజొన్న పొత్తు మీదే. ఇప్పుడైనా గుర్తు తెచ్చుకో.

ఇక ఎక్కడం. అందరూ సూర్యోదయం కోసం ఎగబడతారు. తెల్లవారుజామున ఫోన్ లైట్లు పట్టుకుని వరసగా పోతుంటారు. నేనైతే వద్దంటాను. ఆ చుట్టుపక్కలంతా ఏనుగులు తిరిగే అడవి. చీకట్లో రోడ్డు మీద నడవొద్దని అక్కడి జనమే చెబుతారు. మీరు పట్టుబట్టి వెళ్ళేట్టయితే కొండ కింది గుడిదాకా త్రీవీలర్‌లో వెళ్ళండి, నడక పెట్టుకోవద్దు. అంతకన్నా నాకు బాధ కలిగించేది ఇంకొకటుంది. శిఖరానికి కాస్త ముందు గుహలాంటి రాతి చూరు కింద ఇటుకలతో కట్టిన పెద్ద శయన బుద్ధుడున్నాడు. దెబ్బతిన్న విగ్రహాన్ని మళ్ళీ బాగు చేశారు, పాత ఇటుకా కొత్త పనీ పక్కపక్కనే కనిపిస్తాయి. చీకట్లో పోయేవాళ్ళు సూర్యుడు వచ్చేస్తాడన్న హడావిడిలో ఆయన ముందు నుంచే దాటిపోతారు. వెలుతురు కాస్త పడ్డాక బయల్దేరితే మెట్లూ చెట్ల వేళ్ళూ కనిపిస్తాయి, ఆయనా కనిపిస్తాడు. సూర్యోదయం అరగంట పోతే పోనీ. మన ఊళ్ళోనూ రోజూ అవుతుంది, నువ్వు లేచి చూసింది లేదు.

సాయంత్రం వెళ్తే వెలుగు బాగుంటుంది గానీ, దిగేటప్పటికి చీకటి పడుతుంది. దిగడమే కష్టం. ఎందుకంటే బుద్ధుడి దగ్గర్నుంచి పైకి దారంటూ ఉండదు. ఒకదాని మీద ఒకటి పడిన గుండ్ల సందుల్లోంచి దూరాలి, చేతులు ఊని ఒళ్ళు పైకి లాక్కోవాలి. రాళ్ళ మీద అక్కడక్కడా బాణం గుర్తులుంటాయి, వాటిని వదలొద్దు. హైదరాబాదు గుట్టల మీద పాకినదానివి, భువనగిరి బండ ఎక్కినదానివి, నీకిది పెద్ద లెక్క కాదు. మీలో అలవాటు లేనివాళ్ళుంటే ముందో మనిషి, వెనకో మనిషి ఉండేలా చూసుకో. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. సీసా, ఫోనూ అన్నీ వీపు సంచిలోకే. పట్టున్న బూట్లు వేసుకో, చెప్పులు పనికిరావు. అక్టోబరు నుంచి జనవరి దాకా అటువైపు వానలు. తడిసిన బండ మీద మొండితనం వద్దు, బుద్ధుణ్ణి చూసి వెనక్కి తిరిగినా నష్టం లేదు. తినేవి బయటికి తియ్యకు, కోతులున్నాయి.

పైన విశాలమైన నున్నటి బండ. చుట్టూ కంచె లేదు, గోడ లేదు. ఫొటో కోసం అంచు మీద కాళ్ళు వేలాడేసి కూర్చునేవాళ్ళుంటారు. నువ్వు ఆ పని చేశావని తెలిస్తే ఆ ఫొటో మీ అమ్మకి పంపేది నేనే.

దక్షిణానికి తిరిగి కూర్చో. చదునైన అడవి మధ్యలో సిగిరియా ఒక్కటే నిలబడి ఉంటుంది. అక్కడికెక్కినవాళ్ళకి కాళ్ళ కింద ఇటుక పునాదులూ రాతిలో తొలిచిన కొలనూ కనిపిస్తాయి గానీ, ఆ రాయి ఎంత ఒంటరిగా లేచిందో కనిపించదు. అది కనిపించే చోటు ఇదే. నీకు ఎదురుగా ఉన్నది ఉత్తరపు ముఖం. మధ్యలో ఓ తిన్నె ఉంటుంది, అక్కడ ఒకప్పుడు ఇటుకలతో కట్టిన పెద్ద సింహం ఉండేది. మెట్లు దాని నోట్లోంచి పైకి పోయేవట. తల ఎప్పుడో కూలిపోయింది, పంజాలు మిగిలాయి. 19వ శతాబ్దం చివర్లో బెల్ అనే దొర తవ్వకాల్లో అవి బయటపడ్డాయి. ఇప్పుడు వాటి మధ్య నుంచి ఇనుప మెట్లు బండకి కరుచుకుని పైకి పోతాయి. బైనాక్యులర్ ఉంటే పట్టుకెళ్ళు.

అదంతా చూశాక సిగిరియాకి వెళ్ళబుద్ధి కాకపోతే నా పేరు మార్చుకుంటాను. మర్నాడు పొద్దున తలుపులు తీసే వేళకి ఉండండి. మెట్లు పడమటి వైపు నుంచి మొదలవుతాయి గనక అప్పటికింకా నీడ ఉంటుంది. సగం ఎత్తులో గోడ మీది స్త్రీల చిత్రాలకి ఫొటోలు తియ్యనివ్వరు, కళ్ళతోనే చూసి రావాలి. ఆ కిందే అద్దపు గోడ. వెయ్యేళ్ళ కిందటి యాత్రికులు ఆ చిత్రాల్లోని ఆడవాళ్ళని చూసి, మురిసీ విసుక్కునీ దానిమీద సింహళంలో పద్యాలు గీశారు. సెనరత్ పరనవితాన అనే పండితుడు వాటిలో 685 చదివి 1956లో పుస్తకంగా వేశాడు. వాళ్ళు రాశారు కదా అని మీరు గోరు కూడా తగలనివ్వొద్దు. 2015లో ఆ గోడ మీద పేరు గీకిన ఓ అమ్మాయికి జైలుశిక్ష పడింది, చివరికి దేశాధ్యక్షుడు క్షమాభిక్ష పెడితే బయటపడింది.

మరిచిపోయాను, పిదురంగల దారి గుడి ఆవరణలోంచే మొదలవుతుంది. భుజాలూ మోకాళ్ళూ కప్పుకుని ఉండాలి, గుళ్ళోకి బూట్లు విప్పి వెళ్ళాలి. బుద్ధుడికి వీపు పెట్టి సెల్ఫీ దిగడం అక్కడివాళ్ళకి మహా అపచారం. మీ మగపిల్లలకి కూడా చెప్పు, నిక్కర్లతో బయల్దేరతారు.

తర్వాత మీరు అనురాధపురం వెళ్తారు కదా. దారి కొంచెం మళ్ళిస్తే కాలావెవ తగులుతుంది. ధాతుసేనుడు తవ్వించిన పెద్ద చెరువది. దాచిన సొమ్మెక్కడుందో చూపించమని కొడుకు మనుషులు వేధిస్తే, అతను ఈ చెరువు దగ్గరికి తీసుకొచ్చి, నీళ్ళలో దిగి, నాకున్న సొమ్మంతా ఇదేనన్నాడని కథ. ఆ తర్వాతే చంపించారు. చెరువు కింద ఇప్పటికీ పంటలు పండుతున్నాయి. పక్కనే అవుకన బుద్ధుడు, కొండరాతిలోంచి నిలువునా చెక్కిన విగ్రహం, ఎత్తు దాదాపు పన్నెండు మీటర్లు. డ్రైవరు టైం సరిపోదంటాడు. ముందురోజు రాత్రే మాట్లాడి పెట్టుకో, మాట్లాడేటప్పుడు రెండు పేర్లూ చెప్పు. లేకపోతే చెరువు వదిలేసి ఒక్క విగ్రహమే చూపించి తెస్తాడు.

ఉంటాను.
మామయ్య