ట్రాక్టరుకు కొత్త టైర్లు వేసిన తరువాత వచ్చే కుదుపు: కారణ నిర్ధారణ, నివారణ

పాత టైర్లతో సాఫీగా నడిచిన ట్రాక్టరు, కొత్త వెనుక టైర్లు బిగించిన మరునాడే రోడ్డుపై ఎగిరెగిరి పడుతున్నదని రైతులు ఫిర్యాదు చేయడం కద్దు. కారు చక్రాలకు వలెనే దీనికీ బ్యాలెన్సింగు చేయించమన్న సలహా వెంటనే లభిస్తుంది. చాలా సందర్భాలలో ఆ ఖర్చు వృథా.

ఎందుకో చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. చక్రంలో ఒకవైపు అధికంగా ఉన్న బరువు కలిగించే బలం భ్రమణ వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. కారు రిమ్ము అంచున 100 గ్రాముల తేడా ఉంటే, గంటకు 90 కి.మీ. వేగంలో సుమారు 12 కిలోల బలం ఏర్పడుతుంది. అంతే తేడా 13.6-28 పరిమాణపు ట్రాక్టరు చక్రంలో ఉంటే, 25 కి.మీ. వేగంలో ఆ బలం అర కిలో కూడా ఉండదు. అంత పెద్ద యంత్రాన్ని అది ఎగరవేయజాలదు.

కుదుపునకు అసలు మూలం సాధారణంగా చక్రం గుండ్రంగా తిరగకపోవడమే. మన ట్రాక్టర్లలో అధిక భాగానికి వెనుక ఇరుసు వద్ద స్ప్రింగులు ఉండవు, టైరే స్ప్రింగు. దానిపై ట్రాక్టరు సహజంగా సెకనుకు 2 నుండి 3 సార్లు ఊగుతుంది. 30 కి.మీ. వేగంలో వెనుక చక్రం సెకనుకు దాదాపు 2 సార్లు తిరుగుతుంది. రెండూ దగ్గరపడినప్పుడు స్వల్పమైన వంకర కూడా పెద్ద ఊపుగా మారుతుంది. ఒకానొక వేగంలోనే ఎగురుతున్నదని రైతు చెప్పే మాటను అందుకే జాగ్రత్తగా వినాలి. సన్నని అదురు మాత్రమే ఉంటే అది కొత్త లగ్గులు గట్టి రోడ్డును తాకడం వలన కలిగేది. లగ్గులు అరిగే కొద్దీ తగ్గుతుంది.

పరీక్షకు పెద్ద పరికరాలు అక్కరలేదు. మిగిలిన చక్రాలకు అడ్డు పెట్టి, గేరును న్యూట్రల్‌లో ఉంచి, చక్రాన్ని జాకీతో లేపి, ఇరుసు కింద దృఢమైన ఆధారం ఉంచాలి. ఇటుకపై సుద్దముక్కను లగ్గులకు దగ్గరగా నిలిపి చక్రాన్ని చేతితో తిప్పాలి. సందు పైకీ కిందికీ మారితే లోపం టైరు కూర్చున్న తీరులో ఉన్నట్లు. పక్కలకు ఊగితే రిమ్ము వంగినట్లు, లేదా డిస్కు బోల్టులు అసమానంగా బిగించినట్లు భావించవచ్చు.

టైరు అంచులోని తీగల వలయాన్ని బీడు అంటారు (బీడు భూమితో దీనికి సంబంధం లేదు). దాని పైభాగాన టైరు చుట్టూ ఒక సన్నని గీత ఉంటుంది. రిమ్ము అంచు నుండి ఆ గీత దూరం చుట్టూ ఒకేలా లేకుంటే బీడు సరిగా కూర్చోలేదన్నమాట. గాలి పూర్తిగా తీసి, బీడును రిమ్ము నుండి విడదీసి, సబ్బునీరు పూసి మరల గాలి నింపాలి. గ్రీజు, ఇంజను ఆయిలు రబ్బరును పాడుచేస్తాయి. బీడు కూర్చోనందుకు విసిగి చదరపు అంగుళానికి 35 పౌండ్లకు మించి గాలి కొట్టడం ప్రాణాంతకం. రిమ్ము పగిలిన సంఘటనలు ఇలాగే జరుగుతాయి. ఆ పీడనానికి కూర్చోకుంటే గాలి తీసి మొదటి నుండి ఆరంభించాలి. గాలి నింపేటప్పుడు టైరుకు ఎదురుగా కాక ట్రెడ్డు వైపు దూరంగా నిలబడాలి. కూర్చున్న తరువాత గాలిని పనికి తగిన పీడనానికి తగ్గించాలి. ట్యూబు టైరైతే ఒకసారి నింపి, పూర్తిగా తీసి, మరల నింపితే ట్యూబు మడతలు సర్దుకుంటాయి.

టైరులో నీరు నింపే అలవాటున్నచోట రెండు చక్రాలలోనూ మట్టం సమానంగా ఉండాలి. వాల్వును పైకి ఉంచి దాని మట్టం వరకు, అంటే సుమారు 75 శాతం వరకే నింపాలి. నాలుగు చక్రాల చోదనం గల ట్రాక్టర్లలో ముందు, వెనుక టైర్ల అరుగుదలలో తేడా ఎక్కువైతే ఇరుసులు ఒకదానితో ఒకటి పెనుగులాడతాయి. రోడ్డుపై ముందు చోదనాన్ని విడదీయాలి.

ఇవన్నీ సరిచేసినా ఊపు మిగిలితే, టైరును రిమ్ముపై అర చుట్టు తిప్పి బిగించి చూడాలి. రిమ్ము ఎత్తుభాగం, టైరు ఎత్తుభాగం ఒకేచోట కలిసి ఉంటే ఈ మార్పుతో ఊపు చాలావరకు తగ్గుతుంది. బిగించిన నట్లను తొలి కొన్ని గంటల పని తరువాత మరల పరీక్షించాలి.