మంత్రిగారిని అడుగు ప్రశ్నలు - పంచాయతీ చెప్పవలసిన సమాధానములు

లోక్‌సభ సమావేశములు జరుగు దినములలో మొదటి గంట ప్రశ్నోత్తరముల కాలము. నక్షత్రపు గుర్తు గల ప్రశ్నకు మంత్రి లేచి నోటిమాటగా సమాధానము చెప్పవలెను. దానిపై సభ్యులు వేయు అనుబంధ ప్రశ్నలకును బదులు చెప్పవలెను. గుర్తు లేని ప్రశ్నకు సమాధానము వ్రాతమూలముగా వచ్చును. ప్రశ్నను కనీసము 15 దినములు ముందుగా పంపవలెనని నియమము. మంత్రిగారు చెప్పు అంకెలు ఢిల్లీలో పుట్టునవి కావు. రాష్ట్రము జిల్లాను, జిల్లా మండలమును, మండలము గ్రామమును అడిగి కూర్చిన లెక్కలే అవి. "ఈ జిల్లాలో ఎన్ని గ్రామములకు పరీక్షించిన త్రాగునీరు అందుచున్నది?" అని సభ్యుడు అడిగినచో, ఆ లెక్క మొదలు కావలసిన చోటు గ్రామమే. గ్రామములో లెక్క లేనినాడు సభలో చెప్పు సమాధానమునకు బలముండదు.

జాతీయ ఆరోగ్య విధానమును గూర్చి ఆరోగ్యమంత్రిని అడుగదగిన ప్రశ్నలను కొన్నిటిని ఈ పాఠములో తీసికొని, వాటిలో పంచాయతీ వంతు ఎంత కలదో విచారింతము. ఉదాహరణము మన ఏలూరు సీమలో జరిగినదే.

ఏలూరులో జరిగినది

2020 డిసెంబరు 5వ తేదీన ఏలూరు పట్టణములో కొందరు ఉన్నట్లుండి మూర్ఛపోయి పడిపోయిరి. కొందరికి తలనొప్పి, వాంతులు, కళ్లు తిరుగుట కనబడెను. కొన్ని దినములలోనే రోగుల సంఖ్య 600 దాటెను. పెక్కుమంది త్వరలోనే కోలుకొని ఇండ్లకు చేరిరి, ఒకరు మరణించిరి. ఆనాటి రాష్ట్ర ఆరోగ్యశాఖ మంత్రి శ్రీ ఆళ్ల కాళీకృష్ణ శ్రీనివాస్ (నాని) ఏలూరు శాసనసభ్యులే. తమ పట్టణపు ప్రజలకే ఆయన బదులు చెప్పవలసివచ్చెను. అందరు అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇది ఏమి వ్యాధి? మొదటి దినములలో దానికి ఎవ్వరివద్దను సమాధానము లేకుండెను.

ఢిల్లీలోని ఎయిమ్స్, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ, నీరి మొదలగు సంస్థలు పరీక్షలకు పూనుకొనెను. కేంద్ర ప్రభుత్వము ముగ్గురు నిపుణుల బృందమును పంపెను. రోగుల రక్తములో సీసము, నికెలు ఉన్నట్లు ఎయిమ్స్ పరీక్షలలో కనబడెను. పురుగుమందుల అవశేషములే ప్రధాన కారణము కావచ్చునని నిపుణులు డిసెంబరు నెలలోనే ప్రభుత్వమునకు తెలిపిరి. అవి ప్రజల శరీరములలోనికి ఏ మార్గమున చేరినవో మాత్రము నిశ్చయముగా తేలలేదు. 2021 జనవరిలో భీమడోలు మండలములోని పూళ్ళలోను, దెందులూరు మండలములోని కొమిరేపల్లిలోను ఇట్టి లక్షణములే మరల కనబడెను. పట్టణమున మొదలైన ప్రశ్న నెల తిరుగునంతలో గ్రామములకు వచ్చినది.

మొదటి ప్రశ్న: ఆరోగ్యము ఎవరి బాధ్యత?

ప్రజారోగ్యమును మెరుగుపరచుట రాజ్యము యొక్క ప్రథమ కర్తవ్యములలో ఒకటియని రాజ్యాంగము 47వ అధికరణము చెప్పుచున్నది. ఏడవ షెడ్యూలులో ప్రజారోగ్యము, పారిశుద్ధ్యము, ఆసుపత్రులు రాష్ట్రముల జాబితాలో కలవు. కనుక కేంద్ర ఆరోగ్యమంత్రి విధానమును, ధనసహాయమును గూర్చి సమాధానము చెప్పును. ఆసుపత్రి నడకను గూర్చి రాష్ట్ర మంత్రి చెప్పవలెను. ఇంతటితో వరుస ముగియలేదు. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణము పదునొకండవ షెడ్యూలును చేర్చినది. పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో త్రాగునీరు ఒకటి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములతో కూడిన ఆరోగ్య పారిశుద్ధ్యములు మరియొకటి. బాధ్యతల నిచ్చెనలో చివరి మెట్టు మనది.

రెండవ ప్రశ్న: ప్రభుత్వము ఇచ్చిన మాట ఏమి?

స్వతంత్ర భారతదేశమున జాతీయ ఆరోగ్య విధానము 1983, 2002, 2017 సంవత్సరములలో మూడుమార్లు ప్రకటింపబడినది. 1983 నాటి విధానము 2000 సంవత్సరము నాటికి అందరికి ఆరోగ్యము అను లక్ష్యమును ముందుంచెను. 2017 నాటి విధానము ప్రభుత్వ ఆరోగ్య వ్యయమును 2025 నాటికి స్థూల దేశీయోత్పత్తిలో 2.5 శాతమునకు పెంచవలెననియు, ఆ వ్యయములో మూడింట రెండు వంతులు ప్రాథమిక ఆరోగ్యమునకు వినియోగింపవలెననియు చెప్పెను. అందరికి సురక్షితమైన నీరు, పారిశుద్ధ్యము 2020 నాటికే అందవలెనని కూడ ఆ విధానములో కలదు. ఏలూరులో జనులు మూర్ఛపోయినది ఆ 2020లోనే. విధానము కాగితముపై ఎంత చక్కగా నున్నను, నీటిని ఎవరో ఒకరు సీసాలో పట్టి పరీక్షకు పంపువరకు అది ఇంటి కుళాయికి చేరదని దీనివలన తెలియుచున్నది.

మూడవ ప్రశ్న: ధనమెచ్చట?

15వ ఆర్థిక సంఘము 2021-22 నుండి 2025-26 వరకు గ్రామీణ స్థానిక సంస్థలకు ఇచ్చిన నిధులలో 60 శాతమును త్రాగునీరు, పారిశుద్ధ్యములకే వినియోగింపవలెనని కట్టడి చేసెను, చెరిసగము చొప్పున. ఇట్టి నిధి ఎంత వచ్చినది, ఎంత వ్యయమైనది, అందులో నీటి పరీక్షకు పోయినది ఎంత అను మూడు అంకెలు ప్రతి సభ్యునికి తెలిసియుండవలెను. గొట్టములకు లక్షలు వెచ్చించి, ఆ గొట్టములలో ప్రవహించునది ఏమియో తెలిసికొనకుండుట పొదుపు కాదు.

నాల్గవ ప్రశ్న: మా గ్రామపు నీరు మంచిదేనా?

ఈ ప్రశ్నకు మంత్రి సమాధానము చెప్పజాలరు. మన ప్రాంతపు నీటి దారులను మనమే ఎరిగియుండవలెను. తాడేపల్లిగూడెము వైపు గ్రామములకు గోదావరి కాలువలు ఆధారము. ఏలూరు వద్దకు కృష్ణా కాలువయు, గోదావరి కాలువయు రెండును వచ్చును. వేసవిలో కాలువలు కట్టినప్పుడు మంచినీటి చెరువులలో నిలువచేసిన నీటినే త్రాగవలెను. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు కొల్లేటిలో కలియును. అచ్చటి నీరు ఉప్పుటేరు మార్గమున సముద్రమునకు పోవును. పొలముల మురుగు, పట్టణముల మురుగు, చేపల చెరువుల నీరు కూడ ఆ పల్లమునకే దిగును. 2002లో రామ్సర్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము పొందిన కొల్లేరు, చుట్టుప్రక్కల ఊళ్ల అజాగ్రత్తను కూడ మోయుచున్నది. ఎగువ గ్రామము కాలువలో మందు పంపును కడిగినచో దిగువ గ్రామము ఆ నీటిని త్రాగును.

ఇచ్చట ఒక భేదమును బాగుగా గుర్తింపవలెను. నీటిలో సూక్ష్మక్రిములున్నచో కాచుటవలనను, బ్లీచింగు పొడి కలుపుటవలనను చచ్చును. తేటనీటికి సాధారణముగా 1000 లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగు పొడి కావలెను. కలిపిన పిదప కనీసము అరగంట ఆగవలెను. కుళాయి చివర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలియుండవలెను. కాని సీసము వంటి లోహము కాచినంత మాత్రమున పోదు. నీరు ఆవిరియైన కొలది అది మరింత చిక్కబడును. పురుగుమందు విషయములో కూడ కాచుటను నమ్ముకొనరాదు. త్రాగునీటిలో సీసము లీటరుకు 0.01 మిల్లీగ్రామును మించరాదని భారతీయ ప్రమాణము. ఇంత స్వల్పమును కంటితో గాని, రుచితో గాని పట్టలేము, ప్రయోగశాలయే చెప్పవలెను. ఏలూరు అనుభవము నేర్పిన మొదటి పాఠమిది: క్రిముల పరీక్షలో నెగ్గిన నీరు అన్ని విధముల మంచినీరు కాదు.

ప్రతి నీటి వనరును క్రిములకై ఏటికి రెండుమార్లు, వానలకు ముందును వెనుకను, రసాయనములకై ఏటికొకమారు పరీక్షింపవలెనని జలజీవన్ మిషన్ నియమము. గ్రామమునకు ఐదుగురు స్త్రీలకు పరీక్షా పెట్టెను వాడుటలో శిక్షణ ఇయ్యవలెనని కూడ అందులో కలదు. మన గ్రామములో ఆ ఐదుగురు ఎవరు? వారి పెట్టెలోని మందులకు గడువు తీరలేదు గదా? ఈ మాట పంచాయతీ సమావేశములో అడుగవలెను. పురుగుమందు చల్లిన పిదప ఎన్ని దినములు ఆగి కూరగాయలు కోయవలెనో రైతులకు తెలియజెప్పుటకు వెంకటరామన్నగూడెములోని ఉద్యాన విశ్వవిద్యాలయము దాపుననే కలదు.

ఐదవ ప్రశ్న: వ్యాధి వచ్చిన దినమున ఏమి చేయవలెను?

1854లో లండనులోని బ్రాడ్ వీధి ప్రాంతమున కలరా వ్యాపించెను. జాన్ స్నో అను వైద్యుడు మరణములు జరిగిన ఇండ్లను పటముపై గుర్తించి, అవి ఒక చేతిపంపు చుట్టునే కూడియున్నట్లు చూపెను. ఆ పంపు పిడిని తీయించినది దేశపు మంత్రి కాదు. ఆ పేట స్థానిక సంఘము. కలరా క్రిమి సంగతి వైద్యలోకము అంగీకరింపక ముందే ఇండ్ల జాబితా దారి చూపినది. అట్టి జాబితాను ఏ పంచాయతీయైనను వ్రాయవచ్చును.

కావున ఒకే దినమున ఒకే లక్షణముతో ముగ్గురు నలుగురు పడిపోయినచో చేయవలసిన పనులివి:

1. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు వెంటనే కబురంపి, 108 వాహనమును పిలువవలెను. మూర్ఛ వచ్చిన వానిని ప్రక్కకు ఒత్తిగిలజేయవలెను. నోటిలో నీరు గాని, మరి ఏ వస్తువు గాని పెట్టరాదు.

2. రోగి వయస్సు, వీధి, వేళ, ఆ దినమును ముందు దినమును త్రాగిన నీరు, తిన్న ఆహారము వరుసగా వ్రాయవలెను. జబ్బుపడని పొరుగువారు ఏమి త్రాగిరో, ఏమి తినిరో కూడ వ్రాయవలెను. ఆ భేదముననే కారణము దాగియుండవచ్చును.

3. ట్యాంకును కడుగక ముందే, బ్లీచింగు వేయక ముందే నీటి నమూనా తీయించవలెను. తొందరపడి కడిగినచో సాక్ష్యము మురుగులో పోవును. నమూనా తీసిన పిదప ఆ నీటి సరఫరాను ఆపి, వేరొక చోటి మంచినీటిని ఏర్పాటు చేయవలెను.

4. కారణము తేలువరకు పుకారులను గ్రామసభ పక్షమున ఖండింపవలెను. తెలిసినది తెలిసినంతవరకే చెప్పవలెను.

రాబోవు సమావేశమునకు

శాసనసభకు ప్రశ్నోత్తరముల గంట యున్నట్లే గ్రామమునకు గ్రామసభ కలదు. అచ్చట ప్రశ్న వేయువాడు ఓటరు. లేచి సమాధానము చెప్పవలసినవాడు పంచాయతీ సభ్యుడు. కావున మనము ఈ క్రింది ప్రశ్నలకు సమాధానములు వ్రాసి సిద్ధముగా నుంచుకొందము.

మన త్రాగునీరు ఎచ్చటనుండి వచ్చుచున్నది, దారిలో ఏ మురుగు దానితో కలియుచున్నది? కడపటి రసాయన పరీక్ష ఏ తేదీన జరిగినది, ఫలితము ఏమి? ఆ కాగితము పంచాయతీ గోడపై అంటింపబడినదా? వేసవిలో చెరువు నీటిని ఎవరు పరీక్షింతురు? ఖాళీ మందు డబ్బాలు ఎచ్చటికి పోవుచున్నవి?

ఈ సమాధానములు మనవద్ద నున్నచో మంత్రిగారిని అడుగు ప్రశ్నకును పదును వచ్చును. "మా ఊరికి మంచినీరు ఇయ్యండి" అను విన్నపమును త్రోసిపుచ్చవచ్చును. "మా చెరువు నీటిలో ఈ తేదీన ఇంత సీసము తేలినది, శుద్ధి ఎప్పుడు చేయింతురు?" అను ప్రశ్నను త్రోసిపుచ్చుట కష్టము.